నాలుగో సీసా

జనవరి 11

జ్వరం దిగింది. నోరంతా చప్పగా ఉంది. ముక్కు దిబ్బడ ఇంకా వదల్లేదు. జలుబే. రెండు రోజులుంటే అదే పోతుంది.

హాస్టల్లో నా రూమ్మేట్, అందరూ పిడుగు అని పిలిచేది, సూప్ తెచ్చి మంచం పక్కన పెట్టింది. "తాగు. ఉప్పెక్కువైతే నన్నేమీ అనకు. నేను చదివేది ఫుడ్ సైన్స్, వంట కాదు" అంది. నాలుగేళ్లుగా చుట్టాలందరికీ మేమిద్దరం చెప్పే జవాబే ఇది. మా బాబాయ్ ఇప్పటికీ మారలేదు. "వంట నేర్చుకోవడానికి యూనివర్సిటీ ఎందుకమ్మా, మీ పిన్ని పక్కన కూర్చుంటే సరిపోయేది కదా" అంటాడు. తను టీలో ముంచుకునే బిస్కెట్ ఆర్నెల్లపాటు మెత్తబడకుండా ఎలా నిలుస్తోందో మాత్రం ఆయనకి అక్కర్లేదు.

జనవరి 14

పిడుగు టోస్టర్లో బ్రెడ్ పెట్టి స్నానానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి గది నిండా పొగ. నేను బల్ల దగ్గర చదువుకుంటున్నాను.

"ఏయ్ ముక్కూ! పక్కనే కూర్చుని ఏం చేస్తున్నావే? కొంప అంటుకున్నా కదలవా?"

పుస్తకంలో పడిపోయానన్నాను. అది ముక్కున వేలేసుకుని నన్నే చూసింది.

నాకు ఆ పేరు పెట్టింది అదే. రెండో ఏడాదిలో, రుచీ వాసనా చూసి చెప్పే ప్యానెల్‌కి మనుషుల్ని ఎంచేటప్పుడు పేర్లు లేని సీసాలు వరసగా పెట్టి వాసన చూడమన్నారు. నేను ఒక్కటీ తప్పు చెప్పలేదు. మా ల్యాబ్ మేడమ్ నోరు తెరుచుకుని చూసింది. ఆ రోజు నుంచి డిపార్ట్‌మెంట్‌కంతటికీ నేను ముక్కునే. అసలు పేరు హాజరు పిలిచేటప్పుడే వినపడుతుంది.

జలుబే.

జనవరి 17

అమ్మ వచ్చింది.

అలా రాయకూడదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం లైబ్రరీలో నూనెలు ఎలా పాడవుతాయో చదువుతున్నాను. జ్వరం వచ్చినప్పటి నుంచి నాకు ఏ వాసనా తెలియడం లేదు. సబ్బు లేదు, కాఫీ లేదు, పుస్తకాల దుమ్ము కూడా లేదు. అలాంటిది ఉన్నట్టుండి లవంగం వాసన. ఎడమ భుజం వెనకాల, వెచ్చగా, ఎవరో వంగి చూస్తున్నట్టు.

అమ్మకి పంటి నొప్పి ఉండేది. డాక్టర్ దగ్గరికి వెళ్తే పీకేస్తాడని భయం. ఎప్పుడు చూసినా బుగ్గన ఒక లవంగం. బట్టలు కుట్టే మనిషి కాబట్టి రెండో బుగ్గవైపు పెదాల మధ్య గుండుసూదులు. ఆ రెండూ అలాగే ఉండగా కొలతలు తప్పు చెప్పినవాళ్లని తిట్టేది కూడాను. నాకు గౌను కొలతలు తీసేటప్పుడు ఎడమ భుజం మీదుగా వంగేది. పాల గిన్నెకైనా మందు సీసాకైనా ముందు ముక్కు పెట్టి చూసి, ఆ తర్వాతే మాకిచ్చేది. నా ముక్కు ఆవిడదే.

పోయిన వానాకాలంలో పోయింది. కుట్టుమిషన్ అక్క తీసుకెళ్లింది. కత్తెర నా దగ్గరుంది.

చుట్టూ చూశాను. లైబ్రరీలో ఎవరి దగ్గరా లవంగం లేదు.

జనవరి 20

ప్యానెల్ ఉంది. వెళ్లకూడదనుకున్నాను గానీ మానేస్తే ఎందుకని అడుగుతారు.

ప్యానెల్ గదిలో మనిషికో అర. ఒకరి మొహం ఇంకొకరికి కనపడదు. రంగు చూసి కనిపెట్టకుండా ఎర్ర బల్బు వేస్తారు. గోడలో చిన్న తలుపు తెరుచుకుని ట్రే వస్తుంది. మూడు మూత కప్పులు, వాటి మీద అంకెలు. రెంటిలో ఒకటే సరుకు, మూడోది వేరు. రుచీ వాసనా చూసి ఆ వేరుదేదో పట్టుకోవాలి. అంతే పని. బయటివాళ్లు నవ్వుతారు గానీ బజారులోకొచ్చే ప్రతి డబ్బా ముందు ఇలాంటి ఎర్ర గదిలోంచి రావాల్సిందే.

ఇవాళ పళ్లరసం. మొదటి కప్పు, ఏమీ లేదు. రెండోది గుక్క వేయగానే లవంగం గుప్పుమంది. మూడోది, ఏమీ లేదు. రెండోదాని అంకె రాసి తలుపు తట్టాను.

సరైనదే అది.

కళ్లు మూసుకుని గీసినా మూడింట ఒకసారి తగులుతుంది. ఫస్టియర్ లెక్క. కాకతాళీయం.

జనవరి 24

బిస్కెట్లు. మళ్లీ లవంగం. మళ్లీ సరైనదే.

జనవరి 25

ఒక్కసారైతే కాకతాళీయం.

జనవరి 29

చిప్స్, తర్వాత పెరుగు. రెండూ సరిగ్గానే పట్టుకున్నాను. పెరుగు దగ్గర కాస్త తటపటాయించాను. లవంగం మొదటి కప్పు దగ్గరా మూడో కప్పు దగ్గరా ఉన్నట్టనిపించింది. నిదానంగా ఇంకోసారి నోట్లో వేసుకున్నాను. మూడో కప్పు దగ్గర పెరిగింది.

ఇక నాకు అనుమానం లేదు. చదువుకున్నదాన్ని, నాకూ తెలుసు ఇదెలా కనిపిస్తుందో. కానీ ఈ డైరీ ఎవరికీ చూపించను. ముక్కు దిబ్బడ పోయేదాకా అమ్మ నా బదులు చూస్తోంది. బతికున్నప్పుడు చేసిన పనే ఇది. ఇందులో వింతేముంది?

ఫిబ్రవరి 2

పసిపిల్లల పాలపొడి చేసే కంపెనీవాళ్లు వచ్చారు. డబ్బా లోపలి పూత మార్చారట. కొత్త డబ్బాలో పొడి పాత డబ్బాలోలాగే నిలుస్తుందో లేదో మా ల్యాబ్ తేల్చాలి. డబ్బాలు ఇప్పటికే వేడి గదిలో ఉన్నాయి. అక్కడ కొన్ని వారాలు ఉంచితే బయట ఏడాది గడిచినంత పని అవుతుంది. ఆ గదిలోకి వెళ్లినప్పుడల్లా నాకు ముసలిదాన్నైపోతానేమోనని భయం.

మేడమ్ నన్ను పిలిచి తలుపు వేసింది. "వాళ్ల టేస్టింగ్ ల్యాబ్‌లో ఒక పోస్టుంది. ముక్కు ఉన్న మనిషి కావాలన్నారు. నా దగ్గర ఉన్నది ఒక్కటే ముక్కు అన్నాను. ఈ పరీక్ష అయ్యాక నీతో మాట్లాడతారు."

మా సీనియర్లు తలోచోట ఉన్నారు. ఒకడు హోటళ్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్, వాడికి ఎక్కడా భోజనం సయించదు. ఒకావిడ ఐస్‌క్రీమ్ ఫ్యాక్టరీలో క్వాలిటీ చూస్తుంది, ఎండాకాలంలో కూడా స్వెటరే. నాకు మొదటి నుంచీ కావాల్సింది మాత్రం ఇదే, ఎర్ర గదిలో కూర్చుని ఇది పిల్లలకి పంపొచ్చు, ఇది పంపకూడదు అని చెప్పే ఉద్యోగం. అమ్మ ఇంట్లో చేసిన పని, జీతానికి.

గది బయటికి రాగానే లవంగం వాసన. అమ్మకీ సంతోషంగానే ఉంది.

ఫిబ్రవరి 5

పిడుగు పట్టేసింది. నా షాంపూ సీసాలో గిన్నెలు తోమే సబ్బు పోసి పెట్టింది. నేను తల రుద్దుకుని వచ్చాను.

"ఎప్పట్నుంచే ఇది?"

"ఏది?"

"నా దగ్గర నాటకాలాడకు. నీకు వాసన రావట్లేదు. ప్యానెల్‌లో ఎలా కూర్చుంటున్నావ్?"

"అన్నీ కరెక్టే వస్తున్నాయి కదా. వాసన రాకపోతే ఎలా వస్తాయ్?"

"డాక్టర్ దగ్గరికి వెళ్దాం పద, నేనూ వస్తా" అంది. పరీక్షలయ్యాక అన్నాను. "మేడమ్‌కి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అంది. నాకు ముక్కు మీదికి కోపమొచ్చింది. నా పోస్టు మీద కన్నేశావా అన్నాను. అది తలగడ తీసుకుని పక్క గదికి వెళ్లిపోయింది.

అనకూడని మాట. తెలుసు.

ఫిబ్రవరి 8

పాలపొడి పరీక్ష.

మొదటి కప్పు, ఏమీ లేదు. రెండోది, ఏమీ లేదు. మూడోది, ఏమీ లేదు. నీళ్లు పుక్కిలించి మళ్లీ మొదలుపెట్టాను. గోరువెచ్చగా, తియ్యగా, మూడూ ఒక్కలాగే ఉన్నాయి. భుజం వెనక్కి తిరిగి చూశాను. ఎర్రటి గోడ.

అమ్మ రాలేదంటే తేడా లేదన్నమాట. ఏదో ఒకటి రాయాల్సిందే కాబట్టి మొదటిది రాసి, కింద "తేడా తెలియలేదు" అని రాశాను.

ఫిబ్రవరి 9

నేను రాసింది తప్పు. ఐతే ఏం, చాలామందిదీ తప్పే.

మేడమ్ లెక్క వేసి చూపించింది. ఇంకొక్కరు సరిగ్గా పట్టుకుని ఉంటే తేడా ఉన్నట్టే తేలేది. పిడుగు పట్టుకుంది. తడిసిన అట్టపెట్టె వాసన అని రాసింది కూడా. మేడమ్ కాసేపు పెన్ను బల్ల మీద కొడుతూ కూర్చుని, "నువ్వే పట్టుకోలేదంటే లేనట్టేలే. సోమవారం రిపోర్టు పంపిద్దాం" అంది.

తల ఊపాను. వేడి గదిలో మిగిలిన కొత్త డబ్బాల్లో ఒకటి అడిగి తీసుకున్నాను. అక్క కొడుకు బుజ్జిగాడికిస్తాను.

ఫిబ్రవరి 13

ఆదివారం. అక్కవాళ్లింటికి వెళ్లాను. బావ డ్యూటీలో ఉన్నాడు. బుజ్జిగాడు ఆకలికి చేతులు చీకుతున్నాడు. అక్క దగ్గర పాలపొడి అడుగంటింది. కొనడానికి బయల్దేరుతుంటే నేనే ఆపాను. "నా దగ్గర డబ్బా ఉంది. నా చేత్తో పాస్ చేసింది. ఇంతకన్నా నమ్మకమైనది షాపులో దొరుకుతుందా?" అన్నాను. కాస్త గర్వంగానే అన్నాను.

నేనే కలిపాను. వాణ్ని ఒళ్లో పడుకోబెట్టుకుని సీసా నోటికి పెట్టాను. వాడు మొహం తిప్పేసుకున్నాడు. మళ్లీ పెట్టాను. నాలుకతో బయటికి తోసేసి ఏడుపు మొదలుపెట్టాడు. కొత్తగా ఉండి పేచీ పెడుతున్నాడనుకుని, తల పట్టుకుని, పాలపీక గట్టిగా నోట్లో పెట్టాను.

అక్క వంటింట్లోంచి వస్తూ వస్తూ గుమ్మంలోనే ఆగింది. "ఏంటే ఆ వాసన?"

వచ్చి సీసా లాక్కుంది. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది, అచ్చం అమ్మలాగే. "ఛీ! పాత రంగు డబ్బాలాగా కంపు కొడుతోంది. నీకు తెలియట్లేదా?"

"అదేం లేదక్కా, ఉంటే అమ్మ చెప్పేది."

నోరు జారింది.

"ఏ అమ్మ?"

ఆ తర్వాత చెప్పక తప్పలేదు. లైబ్రరీ, లవంగం, కప్పులు, అన్నీ. అక్క నన్ను తిట్టలేదు. బుజ్జిగాణ్ని నా ఒళ్లోంచి తీసుకుని భుజాన వేసుకుంది. వాడు వెక్కుతూ ఆవిడ మెడలో మొహం దాచుకున్నాడు. వాడి వీపు నిమురుతూ ఒక్క మాట అంది.

"మరి నాకెందుకు రాదే? నాకూ అమ్మే కదా."

ఫిబ్రవరి 13, మళ్లీ

వాడు మొహం తిప్పుకున్నాడు. వాడికి తెలిసింది. నేను తల పట్టుకున్నాను.

ఇవాళ బస్సులో దారి పొడుగునా లవంగం వాసన వస్తూనే ఉంది. నేను పలకలేదు.

ఫిబ్రవరి 14

పొద్దున్నే మేడమ్ గది ముందు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. రిపోర్టు ప్రింటయి బల్ల మీద ఉంది. లోపలికి వెళ్లి, నాకు జ్వరం వచ్చినప్పటి నుంచి వాసన తెలియదని చెప్పాను. అమ్మ సంగతి కూడా చెప్పాను. చెప్పకపోతే ఆ మార్కులన్నీ ఎలా వచ్చాయో ఆవిడకి అర్థం కాదు.

మేడమ్ రిపోర్టు తీసి సొరుగులో పడేసింది. కంపెనీకి ఫోన్ చేసి పరీక్ష మళ్లీ చేస్తామంది. అప్పుడు నా వైపు తిరిగింది.

"ముక్కు పోవడం నీ తప్పు కాదు. చెప్పకుండా కూర్చోవడం మాత్రం బుర్ర పోవడం. పసిపిల్లలు తాగేది అది."

"తెలుసు మేడమ్."

"తెలిసుంటే కూర్చునేదానివి కాదు."

ఆవిడ పాత ట్రేల కాగితాలు ముందేసుకుంది. కోపం మీద చేస్తోందనుకున్నాను గానీ కాదు. "ఇదిగో చూడు. పళ్లరసంలో మేం మార్చింది పులుపు. అది నాలుకకి తెలుస్తుంది, ముక్కుతో పని లేదు. బిస్కెట్లో మార్చింది కరకర, పంటికి తెలుస్తుంది. చిప్స్‌లో ఉప్పు. పెరుగులో చిక్కదనం. అన్నీ నువ్వే పట్టుకున్నావ్, నీ నోటితో. పాలపొడిలో తేడా ఒక్క వాసనలోనే ఉంది. అందుకే అది దొరకలేదు." గొంతు కాస్త తగ్గించి, "ఎవరూ నీకు చెప్పలేదమ్మా. అంతా నువ్వే చేశావ్" అంది.

ఓదార్పుగానే అంది పాపం. ఆ మాటతో నా నుంచి ఏం తీసేసుకుందో ఆవిడకి తెలియదు.

ఫిబ్రవరి 15

పిడుగు తలగడతో సహా తిరిగొచ్చేసింది. సారీ చెప్పబోతే "నోర్మూసుకుని డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకో" అంది.

ఫిబ్రవరి 22

మళ్లీ చేసిన పరీక్షలో తేడా తేలింది. కొత్త డబ్బా బజారుకి పోదు. పోస్టు కూడా నాకు రాదు. అందని ద్రాక్ష పుల్లన అని నవ్వేద్దామనుకున్నాను గానీ ఏడుపొచ్చింది.

డాక్టర్ ముక్కులో లైటు వేసి చూశాడు. జ్వరం తర్వాత కొందరికి ఇలా అవుతుందట. వాసన పట్టే నరాలు దెబ్బతింటే ఖాళీగా ఉండలేక మెదడే ఒక వాసన కల్పించుకుంటుందట. మందు లేదు, సాధన ఉంది. నాలుగు చిన్న సీసాలు బల్ల మీద పెట్టాడు. గులాబీ, నిమ్మ, యూకలిప్టస్, నాలుగోది లవంగం.

"అందరికీ ఈ నాలుగే ఇస్తాం. పొద్దునా సాయంత్రం ఒక్కోటి మూత తీసి, ఆ వాసనని గుర్తు తెచ్చుకుంటూ పీల్చాలి. నిజం వాసనలు వస్తున్న కొద్దీ లేని వాసన తగ్గిపోతుంది."

"పూర్తిగానా?"

"పూర్తిగానే. భయపడకండి" అన్నాడు, నవ్వుతూ.

మార్చి 1

మూడు సీసాలు చేస్తున్నాను. నాలుగోది కత్తెర పక్కన పెట్టాను. దానికి తొందరేముంది?

మార్చి 19

నిమ్మ వచ్చింది. నిమ్మలా కాదు, కాలిన రబ్బరులా. ఐనా వచ్చింది. పిడుగు గంతులేసింది.

ఏప్రిల్ 4

మేడమ్ నన్ను మెషిన్ల ల్యాబ్‌లో వేసింది. నూనె పాడైందో లేదో అక్కడ ముక్కుతో కాదు, మెషిన్ గీసే గీతతో చెప్తారు. "ముక్కు తిరిగొచ్చినా ఇది పనికొస్తుంది. రెండూ తెలిసినవాళ్లు తక్కువ" అంది. పని బాగానే ఉంది. గీత అబద్ధం చెప్పదు. మాట కూడా చెప్పదు.

ఏప్రిల్ 11

అమ్మ పొద్దున రాలేదు. సాయంత్రం లైబ్రరీలో అదే కుర్చీలో కూర్చుంటే కొద్దిగా వచ్చింది.

ఏప్రిల్ 18

కొద్దిగా.

ఏప్రిల్ 23

డాక్టర్ సీసాలు వెలుతురుకి ఎత్తి చూశాడు. "మూడూ సగానికి వచ్చాయి. నాలుగోది నిండుగా ఉందే?"

"అది అక్కర్లేదు డాక్టర్. నాకు ఎప్పుడూ వస్తూనే ఉంటుంది."

"ఇప్పుడు వస్తోందా?"

ఫ్యాన్ తిరుగుతోంది. వస్తోందన్నాను.

మే 7

అక్కవాళ్లింట్లో ఉన్నాను. బావ బజారుకెళ్లాడు. అక్క అమ్మ మిషన్ మీద బుజ్జిగాడి చొక్కా కుడుతోంది. వాడు నా ఒళ్లో ఉన్నాడు. ఆ రోజు తర్వాత నా దగ్గరికి రాడేమోనని భయపడ్డాను. వెధవకి ఏమీ గుర్తులేదు.

అక్క పాలు కలిపి సీసా నా చేతికిచ్చింది. "చూసి పట్టించు" అంది. మిషన్ తొక్కడం ఆపి నా మొహమే చూస్తోంది.

మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పాలు. తేలిగ్గా, కాస్త వెచ్చగా, పాలే. ఇంకే కంపూ లేదు. "బాగున్నాయి" అన్నాను. అక్క ఇంకోసారి చూడలేదు. సరేనని తిరిగి కుట్టుకోవడం మొదలుపెట్టింది. వాడు గుటకలేస్తూ తాగి అలాగే నిద్రపోయాడు. ఇన్నాళ్ల తర్వాత నా మాట మీద ఒక బిడ్డ పాలు తాగాడు. వాడి తల వాసన చూశాను. చెమట, సబ్బు. లవంగం కోసం కూడా చూశాను. లేదు. రెండు వారాలుగా లేదు. ఇక్కడ రాయలేదంతే.

బ్యాగులోంచి నాలుగో సీసా తీసి అక్కకి చూపించాను. తనే వచ్చి పక్కన కూర్చుంది. "తియ్యవే. నేనూ చూస్తాను" అంది.

మూత తీశాను. లవంగం. ఘాటుగా, కళ్లు చెమర్చేంత. అక్క ఒక్కసారి పీల్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అమ్మే" అంది. అక్కకి అమ్మ ఇవాళే వచ్చింది.

నేను మూత పెట్టాను, పోయింది. తీశాను, వచ్చింది. పెట్టాను.